తేటగా కనిపించిన పెట్రోలు

ఏ బంకులో పోయించుకోవాలి

పదవీ విరమణ చేసి ఆరేళ్లయింది. ఇప్పటికీ కోయంబత్తూరు పీలమేడులో కూరగాయలకు వెళ్లినా, పెళ్లికి వెళ్లినా, పళ్ల డాక్టరు దగ్గర వరుసలో కూర్చున్నా ఎవరో ఒకరు పక్కకు జరిగి అడిగే మాట ఒకటే. "మేడం, ఏ కంపెనీ పెట్రోలు మంచిది?"

మొదట్లో ఓపికగా చెప్పేదాన్ని. ఈమధ్య ఆ ప్రశ్న వినగానే కుదురుగా కూర్చోలేకపోతున్నాను. లేచి నిలబడతాను, చేతిసంచి సర్దుకుంటాను, ఏదో పని గుర్తొచ్చినట్టు నాలుగు అడుగులు వేస్తాను. అడిగినవాళ్లు నాకు పొగరనుకుంటారు. పొగరు కాదు. ఆ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు నిజమైనదే. కానీ అలాంటి నిజమైన జవాబే ఒకసారి కాగితం మీద రాసి సంతకం పెట్టి, ఒక మనిషిని పాడుచేశాను.

నేను ముప్పై రెండేళ్లు ఒక చమురు కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేశాను. కొన్నాళ్లు మదురై ప్రయోగశాలలో, కొన్నాళ్లు కోయంబత్తూరు డిపోలో, మధ్యలో నాలుగేళ్లు ఊరూరా తిరిగే పరీక్షల వ్యానులో. మా అక్క మనవరాలు ఈ ఏడాది ఇదే పనిలో చేరింది. చేరిన వారానికే ఫోను చేసి, "అవ్వా, ఇదంతా పుస్తకంలో ఉండేదే కదా" అంది. పుస్తకంలో లేనివి కొన్ని ఆమె కోసమూ, ఆమెతోపాటు చేరినవాళ్ల కోసమూ రాస్తున్నాను.

మాది తమిళనాడులో సాత్తూరు పక్క నల్లరేగడి ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగంలో చేరాకే, శిక్షణ కోసం విశాఖ పంపినప్పుడు, అక్కడి హాస్టల్ గోడల మీది నోటీసులు చదువుకుంటూ. కాబట్టి ఎక్కడైనా వాక్యం వంకర పోతే మన్నించండి.

శేషాద్రి సారు

నా మొదటి పై అధికారి శేషాద్రి సారు. మదురై ప్రయోగశాలకు పెద్ద. చేరిన రెండో నెలలో విరుదునగర్ దారిలో ఒక బంకు నుంచి నేను నమూనా తెచ్చాను. పరీక్షలో తప్పింది. పెట్రోలును వేడిచేస్తే ఎంత వేడికి చివరి చుక్క కూడా ఆవిరవుతుందో చూసే పరీక్ష ఒకటుంది. కిరోసిన్ గానీ డీజిల్ గానీ కలిస్తే ఆ అంకె పైకి పోతుంది. నా నమూనాలో బాగా పైకి పోయింది. కల్తీ పట్టుకున్నానని లోలోపల పొంగిపోయాను. ఆ బంకులో అమ్మకం ఆపేశారు.

మూడో రోజు శేషాద్రి సారు నా నమూనా డబ్బా చేతిలో పట్టుకొని వచ్చారు. "ఇది అంతకుముందు ఏం మోసింది?" అని అడిగారు.

ముందు రోజు డీజిల్ మోసింది. నేను ఒక్కసారే పెట్రోలుతో కడిగాను. మూడుసార్లు కడగాలి.

ఆయన నన్ను తిట్టలేదు. కొత్త నమూనా తెప్పించి పరీక్ష చేయించారు. అది నెగ్గింది. తరవాత నా చేతికి బస్సు టికెట్టు ఇచ్చి, ఆ బంకు యజమాని దగ్గరికి వెళ్లి తప్పు నాదని చెప్పి రమ్మన్నారు. వెళ్లాను. ఆ యజమాని కుర్చీ వెయ్యలేదు. నిలబెట్టే వినిపించుకుని, "ఊళ్లో అందరూ నన్ను దొంగ అంటున్నారమ్మా, ఇంటింటికీ నువ్వు వచ్చి చెబుతావా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి రిటైరయ్యే దాకా నా డబ్బా నేనే కడుక్కున్నాను.

శేషాద్రి సారు గొప్పవాడని చెప్పి వదిలేస్తే అబద్ధమవుతుంది. నేల తుడిచే ఆవిడ మీద ఆయన అరిచిన అరుపులు నాకింకా గుర్తున్నాయి. పనిలో అంత నిక్కచ్చిగా ఉన్న మనిషి, సాటివాళ్ల దగ్గర ఎందుకలా ఉండేవారో నాకు అర్థం కాలేదు. ఆయన దగ్గర పని నేర్చుకోవాలి, ఆ అరుపు కాదు.

ఒకరోజు ఆయన నన్ను డిపోకు తీసుకెళ్లి లారీలు నింపే చోట నిలబెట్టారు. మా కంపెనీ రంగు లారీ ఒకటి నిండి వెళ్లింది. దాని వెనక మా పోటీ కంపెనీ రంగు లారీ వచ్చి అదే గొట్టం కింద ఆగింది. అదే ట్యాంకు, అదే పెట్రోలు. నేను నోరు తెరిచి చూస్తున్నాను. ఎవరి శుద్ధి కర్మాగారం దగ్గరుంటే అందరూ అక్కణ్ణుంచే తీసుకుంటారు, దూరంలో ఇంకోచోట దానికి బదులు ఇచ్చుకుంటారు. బోర్డు మీద రంగు మారుతుంది గానీ లోపలి సరుకు చాలాసార్లు ఒకటే. తేడా ఎక్కడంటే, ఖరీదైన రకంలో కలిపే మందులో. ఇంజను లోపల మసి పట్టకుండా చేసే ఆ మందు లారీకి కాస్తంతే పడుతుంది. ఇంకో తేడా ఆక్టేన్ అంకెలో. దాని సంగతి తరవాత చెబుతాను.

మూడు సీసాలు

కోయంబత్తూరు వచ్చాక, మా ఇంటాయన వైపు చుట్టం రామసామి నాయుడుగారని ఒకాయన ఉండేవారు. పీలమేడులో పంపుసెట్ల ఫౌండ్రీ. పాతకాలపు కారు ఒకటి ప్రాణంగా చూసుకునేవారు. దానికి ఊళ్లో దొరికే అన్నిటికన్నా పై రకం పెట్రోలే పోయించేవారు, అదీ ఒకే కంపెనీది.

"అమ్మణీ, మామూలుది పోస్తే బండి ఎద్దు మాదిరి పోతాది. ఇది పోస్తే గుర్రం" అనేవారు.

నాకప్పుడు వయసు తక్కువ, ఒప్పుకోబుద్ధి కాలేదు. పందెం కట్టాను. మూడు వారాలు ఏ వారం ఏ పెట్రోలో ఆయనకు తెలియకుండా ఆయన డ్రైవరే పోయించాలి. మామూలుది ఒక వారం, పోటీ కంపెనీ మామూలుది ఒక వారం, ఆయన గుర్రం ఒక వారం. ప్రతి రకం నుంచీ ఒక సీసా సాక్ష్యంగా నా దగ్గర. మూడు వారాలయ్యాక ఆయన ధీమాగా రెండో వారాన్ని చూపించి అదే గుర్రం అన్నారు. అది పోటీ కంపెనీ మామూలుది. ఇంట్లో అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు, కానీ నాతో కొన్నాళ్లు మాట తగ్గించారు.

ఆ గెలుపుతో నేను ఇంకో తప్పు చేశాను. పై రకాలన్నీ ఒట్టి మాటలని అడిగినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాను. ఏడాది తరవాత ఆయన కొడుకు కొత్త కారు కొన్నాడు. కూనూరు కొండ ఎక్కేటప్పుడు ఇంజనులో టకటకమని గింజలు కొట్టినట్టు శబ్దం వస్తోందన్నాడు. నేను పట్టించుకోలేదు. ఒకరోజు వాళ్లతో నేనూ ఎక్కాను. శబ్దం నిజంగానే వచ్చింది. పై ఆక్టేన్ రకం పోయించి మళ్లీ ఎక్కాం. రాలేదు.

ఆక్టేన్ అంటే బలం కాదు. ఇంజను లోపల నొక్కుడుకు తట్టుకుని, మంట పెట్టేదాకా అంటుకోకుండా ఆగే ఓర్పు. గట్టిగా నొక్కే కొత్త ఇంజనుకు ఆ ఓర్పు అవసరం. పెద్దాయన పాత కారుకు అక్కర్లేదు. ఏ బండికి ఏది కావాలో దాని పుస్తకంలోనే రాసుంటుంది. మామూలుది చాలన్న బండికి పై రకం పోస్తే చెడేదీ లేదు, ఒరిగేదీ లేదు. ఇంతే సంగతి. ఇది చెప్పడానికి నాకు పదేళ్ల అనుభవం, రెండు తప్పులు పట్టాయి.

బోడి మెట్టు

ఇక అసలు సంగతి.

అప్పటికి పెట్రోలులో పది శాతం ఇథనాల్, అంటే చెరకు నుంచి తీసే ఆల్కహాలు, కలపడం వచ్చింది. నేను మళ్లీ మదురైలో ఉన్నాను. ఐప్పసి నెల, అంటే దీపావళి రోజుల వానలు ఆగిన మర్నాడు బోడినాయకనూరు నుంచి ఫోను. బోడి మెట్టు కొండ నుంచి దిగుతున్న, పెట్రోలుతో నడిచే ఒక చిన్న వ్యాను మలుపులో అదుపు తప్పి గోడను గుద్దుకుంది. యాలకుల తోటలో పని ముగించుకుని వస్తున్న ఆడవాళ్లు తొమ్మిది మంది అందులో ఉన్నారు. చెల్లత్తాయి అనే ఆవిడ చనిపోయింది. మిగతావాళ్లను బోడి ఆసుపత్రిలోనూ, దెబ్బలు పెద్దగా తగిలిన ఇద్దరిని మదురైలోనూ చేర్చారు.

డ్రైవరు బొమ్మయ్య. ముప్పై ఏళ్లవాడు. దిగుతుండగా ఇంజను దానంతటదే ఆగిపోయిందని, ఆగాక బ్రేకు రాయిలా బిగుసుకుందని అతను చెప్పాడు. అందులో అసంభవం లేదు. అలాంటి బండ్లలో బ్రేకుకు ఇంజను సాయం ఉంటుంది. ఇంజను ఆగితే ఒకటి రెండు తొక్కులకు మించి పనిచేయదు. కానీ పోలీసుల అనుమానం వేరు. కొండ దిగేటప్పుడు పెట్రోలు మిగుల్చుకోవడానికి తాళం తిప్పి ఇంజను ఆపేసే డ్రైవర్లు ఆ దారిలో ఉన్నారు. ఇతనూ అదే చేశాడన్నారు. అతను పొద్దున పెట్రోలు పోయించుకున్నది మా కంపెనీ బంకులో. కాబట్టి పెట్రోలు బాగుందో లేదో తేల్చమని నన్ను పంపారు.

ఆ బంకు వరదరాజులు నాయుడుగారిది. డెబ్బై దాటిన మనిషి, మన వాళ్లే. నలభై ఏళ్లుగా మచ్చ లేని బంకు. నేను వెళ్లి చలానాలు అడిగాను, ఇచ్చారు. ట్యాంకు కొలత పుస్తకం అడిగాను, ఇచ్చారు. కొత్త లోడు ఇంకా రాలేదు, అదే సరుకు ట్యాంకులో ఉంది. డబ్బాలు మూడుసార్లు కడిగి మూడు నమూనాలు తీసి, ఒకదానికి సీలు వేసి పక్కన దాచాను. గాజు జాడీలో పట్టి వెలుతురుకు ఎత్తి చూశాను. అద్దంలా తేటగా ఉంది. సాంద్రత సరిపోయింది. మదురై తెచ్చి మిగతా పరీక్షలన్నీ చేశాను. అన్నీ నెగ్గాయి.

"నమూనా నిర్ణీత ప్రమాణాలకు లోబడి ఉన్నది" అని రాసి సంతకం పెట్టాను. ఆ ఒక్క వాక్యంతో బొమ్మయ్య అబద్ధమాడినట్టయింది. ఆ వారమే అతన్ని జైలుకు పంపారు.

జక్కమ్మ

నెల తరవాత ఒక మధ్యాహ్నం ప్రయోగశాలకు ఒకావిడ వచ్చింది. భుజాన కూరగాయల సంచి. బొమ్మయ్య అక్కనని చెప్పింది. పేరు జక్కమ్మ.

"మేడం, మీరూ మన పేచ్చే, తెలుగే మాట్లాడ్తారని బంకులో సెప్పినారు. అందుకే వక్కీలును పిలవకుండా నేనే వచ్చినా" అంది. సంచిలో నుంచి, వెల్లుల్లి రెమ్మల కింద నుంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. "మెకానిక్కు వండి ట్యాంకు అడుగు నించి దించినాడు. సూడండి." మా వైపు వండి అంటే బండి.

చూశాను. పైన లేత పసుపు పెట్రోలు. అడుగున రెండు వేళ్ల మందాన వేరే పొర, నీళ్లలాంటిది.

నేనేం చేయాలి? చెయ్యి సీసా వైపు వెళ్లింది. కానీ నోరు మాత్రం ఉద్యోగం మాట్లాడింది. "దీనికి సీలు లేదు. ఎవరు తీశారో, ఏ సీసాలో పట్టారో తెలియదు. ఇది మేం తీసుకోం" అన్నాను. ఆమె మన మాటలో అడిగితే నేను తమిళంలో జవాబు చెప్పాను. ఎందుకలా చెప్పానో నాకు తెలుసు. తమిళంలో అయితే నేను ఆఫీసరును, తెలుగులో అయితే ఆమె పక్కింటి మనిషిని.

"సీలు లేకుంటే నీళ్లు పెట్రోలు అయిపోతాదా మేడం?" అని అడిగింది.

నేను బల్ల మీది రిజిస్టరు తెరిచాను.

"దీన్ని మళ్లా బస్సులో తీసుకపోలేను. తెలిస్తే దించేస్తారు. మీరే ఉంచుకోండి" అని, వెల్లుల్లి సంచిలో సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ సీసా నా బల్ల కింద వారం ఉంది. ఆ వారమంతా నేను సరిగా ఒకచోట కూర్చున్నది లేదు. వేరే నమూనాల అంకెలు రెండుసార్లు తప్పు రాశాను. ఆమె తమ్ముణ్ణి కాపాడడానికి ఎవరో నీళ్లు పోసి ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను. మరుక్షణం, నీళ్లు పోసే మనిషి అంత కొలతగా ఎందుకు పోస్తాడు, చెంబెడు పోస్తాడు కదా అనిపించేది. నా పరీక్షలన్నీ నెగ్గిన పెట్రోలు ట్యాంకులోకి పోయి ఎలా రెండుగా విడిపోతుంది? బంకులో తేట, ప్రయోగశాలలో తేట. మరి ఎక్కడ చెడింది?

ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చుని సగంలో లేచాను. వ్యాను ఆ రోజంతా ఎక్కడుంది? మెట్టు పైన, తోటలో, వాన చలిలో. బోడిలో ఉన్నది ఎండ. మదురైలో ఉన్నది ఉక్క. నా పరీక్షలన్నీ ఉక్కలో చేసినవి.

వీధి చివర పళ్లరసం అంగడి నుంచి ఐసు తెప్పించాను. అధికారిక నమూనాలో పరీక్షలకు పోను మిగిలినదాన్ని గాజు గొట్టంలో పోసి, థర్మామీటరు పెట్టి ఐసు నీళ్లలో నిలబెట్టాను. కొంతసేపు ఏమీ లేదు. మెట్టు మీద ఉండేంత చలికి దిగేసరికి గొట్టం లోపల పొగమంచు పట్టినట్టయింది. తరవాత పలచని మజ్జిగలా అయింది. గంట గడిచాక అడుగున సన్నటి పొర. జక్కమ్మ సీసాలో ఉన్నదే.

ఇథనాల్‌కు నీళ్లంటే ఇష్టం. వేడిలో పెట్రోలులో కొంత నీటిని కనపడకుండా పట్టి ఉంచుతుంది. చల్లబడితే పట్టు వదిలేస్తుంది, వదిలేటప్పుడు తానూ నీళ్లతోపాటు అడుగుకు దిగిపోతుంది. ఇంజను పీల్చుకునేది ట్యాంకు అడుగు నుంచే. గొట్టంలో మిగిలిన మంచి పెట్రోలుతో బయలుదేరిన బండి, అది అయిపోగానే ఆగిపోతుంది. ఇది నాకు తెలియనిది కాదు. శిక్షణలో చదివాను. చదివినదాన్ని కొండ ఎక్కే వ్యానుకు ముడిపెట్టడం తోచలేదు, అంతే.

వరదరాజులు నాయుడుగారు

మర్నాడే బోడి బస్సెక్కాను. ఆఫీసుకు సెలవు చీటీ పెట్టి వెళ్లాను, తనిఖీ అని చెప్పలేదు.

"వా తాయీ, రా తల్లీ. మళ్లా వచ్చినావా. కాఫీ తాగు" అన్నారు నాయుడుగారు.

"నాయుడుగారూ, ప్రమాదానికి ముందు వాన పడింది కదా. ట్యాంకులోకి నీళ్లు దిగినాయా?" ఈసారి నేను మన మాటలోనే అడిగాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు.

"దిగినాయి. పైన మూత రబ్బరు పాడయింది. కడ్డీకి నీళ్లు పట్టే పేస్టు రాసి దించితే రంగు మారింది. అమ్మకం ఆపి, అడుగున ఉండే నీళ్లంతా పంపు పెట్టి తోడి పారేసినాను. మళ్లా దించినా, రంగు మారలే. జాడీలో పట్టి సూస్తే తేటగా ఉండాది. సరి, అయిపోయిందనుకొని అమ్మినా."

"ఆ రోజు నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలే తాయీ. చలానా అడిగినావు, ఇచ్చినా. పుస్తకం అడిగినావు, ఇచ్చినా. వాన గురించి నువ్వు ఒక్క మాట అడగలే."

ఆయన అడుగు నీళ్లు తోడారు, నిజమే. కానీ వాటితో చాలాసేపు కలిసి ఉన్న పై పెట్రోలు అప్పటికే తాగగలిగినంత నీళ్లు తాగేసింది. కంటికి కనిపించదు, పేస్టుకు చిక్కదు. అది ఆయనకు తెలిసే అవకాశం లేదు. తెలియాల్సింది నాకు.

"నేను కల్తీ సేసినోణ్ణి కాను" అన్నారు.

"కాదు. అది కూడా రాస్తాను."

"రాస్తే బంకు మూస్తారు."

"మూస్తారు."

ఆయన లేచి లోపలికి వెళ్లారు. ఇక రారనుకున్నాను. పంపు అద్దెకిచ్చిన కుర్రాడి రసీదు తీసుకుని వచ్చారు. దాని మీద నీళ్లు తోడిన రోజు ఉంది. నా చేతిలో పెట్టి, "ఇది లేకుంటే నీ మాట ఎవుడు నమ్మతాడు" అన్నారు. మొహం చూడలేదు. కాఫీ అలాగే చల్లారిపోయింది.

రెండో రిపోర్టు

మదురైలో అప్పటి నా మేనేజరు సెల్వరాజ్ సారు. నేను రాసిన రెండో రిపోర్టు రెండుసార్లు చదివారు.

"మొదటి రిపోర్టులో ఒక్క అంకె తప్పుందా?" అని అడిగారు.

"లేదు సార్."

"ప్రమాణాల పుస్తకంలో చల్లబరిచి చూడమని ఉందా?"

"బంకు నమూనాలకు లేదు సార్."

"అంటే మనం చేయాల్సిందంతా చేశాం. ఇప్పుడు మీరు, అన్నీ నెగ్గిన పెట్రోలుతో ఇంజను ఆగింది అంటారు. రేపు ప్రతి ఘాటు రోడ్డులో ప్రతి డ్రైవరూ ఇదే అంటాడు."

"అతను జైల్లో ఉన్నాడు సార్" అన్నాను.

సీలు వేసి దాచిన మూడో నమూనాను తన ఎదుట తెరిచి చల్లబరచమన్నారు. చేశాను. ఆయన గొట్టాన్ని చేతిలోకి తీసుకుని, మజ్జిగ రంగు పొర కిందికి దిగేదాకా చూశారు. "మీ పేరుతో పంపుతాను. నా పేరుతో కాదు" అన్నారు. పంపారు. పైన అది వారాల తరబడి కదల్లేదు. ఆయన్ను పిరికివాడన్నవాళ్లున్నారు. నేను అనను. చింపి పారేసే అధికారులను కూడా చూశాను. కానీ ధైర్యవంతుడని కూడా అనలేను. ఆ వారాలు ఒక మనిషి కటకటాల వెనక గడిపిన వారాలు.

చివరికి జక్కమ్మ వకీలు, రెండో రిపోర్టు ఉందని తెలిసి, కోర్టు ద్వారా నన్ను పిలిపించాడు. అవతలి వకీలు రెండు రిపోర్టులూ చేతిలో ఊపుతూ, "వీటిలో ఏది అబద్ధమమ్మా?" అని అడిగాడు.

"రెండూ నేను రాసినవే. మొదటిదానికి ముందు చేయాల్సిన పరీక్ష ఒకటి నేను చేయలేదు" అన్నాను.

బొమ్మయ్య బయటికి వచ్చాడు. కేసు కొట్టేశారు, లైసెన్సు తిరిగి ఇచ్చారు. అప్పటికి ఎనిమిది నెలలు. బంకు కొన్ని నెలలు మూతపడి మళ్లీ తెరిచింది. ఆ తరవాత వరదరాజులు నాయుడుగారు నన్ను తాయీ అని పిలవలేదు, ఆఫీసరమ్మా అన్నారు. చెల్లత్తాయి కూతురు ఒకసారి ఉత్తరం రాసింది. అమ్మ చావుకు ఇప్పుడు ఎవరిని అనుకోవాలి అని అడిగింది. దానికి జవాబు నాలుగుసార్లు మొదలుపెట్టాను. పంపలేదు.

కొత్తగా చేరినవాళ్లకు

డబ్బా మూడుసార్లు కడుక్కోండి. కంపెనీల పోట్లాటలో దూరకండి. బ్రాండు కన్నా బంకు ముఖ్యం, బంకు కన్నా దాని కింద కంటికి కనిపించని ట్యాంకు ముఖ్యం. అమ్మకం ఎక్కువున్న చోట సరుకు నిలవ ఉండదు. వాన మర్నాడు ట్యాంకు మూత చూడకుండా పుస్తకం తెరవకండి. పరీక్ష నెగ్గింది అంటే, మీరు అడిగిన ప్రశ్నలకు సరైన జవాబులొచ్చాయని మాత్రమే. అడగని ప్రశ్న తాలూకు పాపం ఆ కాగితంలో ఎక్కడా కనపడదు, సంతకం మాత్రం కనపడుతుంది. ఎదుటి మనిషి ఏ భాషలో అడిగితే ఆ భాషలోనే జవాబు చెప్పండి. సీలు లేని సీసా కోర్టులో చెల్లదు, నిజమే. కానీ దాన్ని చూడొద్దని ఏ రూలూ లేదు.

ఇదంతా మా అక్క మనవరాలికి ఫోనులో చెబితే, "సరే అవ్వా, మరి ఆ డ్రైవరు ఇప్పుడు బాగున్నాడా?" అని అడిగింది. ఆమె అడిగింది కాబట్టి అదీ రాస్తాను.

బొమ్మయ్య

కేసు ముగిసిన కొన్నాళ్లకు వేరే పని మీద బోడి వెళ్లి, అతని కోసం అడిగాను. యాలకుల వేలం జరిగే చోట మూటలు మోస్తున్నాడన్నారు. వెళ్లాను. సన్నటి మనిషి. నన్ను చూసి మూట దించి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"వండి నడపడం లేదా?" అని అడిగాను.

"లే మేడం."

"లైసెన్సు ఇచ్చేశారు కదా."

"ఇచ్చినారు. ఇంట్లో ఉండాది. మేడం, ఒకటి అడగనా. కోర్టులో మీరు సెప్పింది సత్యమేనా, లేకుంటే మా అక్క వచ్చి ఏడ్చిందని సెప్పినారా?"

"మీ అక్క ఏడవలేదు. నేను సత్యమే చెప్పాను. పెట్రోలు విడిపోవడం నా కళ్లతో చూశాను."

తల ఊపాడు. కానీ మొహంలో ఏదీ తేలికపడలేదు.

"స్టేషన్లో మీ కాగితం సూపించి, పెట్రోలు బాగుండాది, నువ్వే తాళం తిప్పినావన్నారు. మొదట లే అన్నా. దినమూ అడిగినారు, దినమూ లే అన్నా. తరవాత చెల్లత్తాయక్క ఇంటోళ్లు వచ్చి అదే అన్నారు. అంతమంది సెప్తుంటే, కాగితంలో గూడా ఉంటే, తరవాత తరవాత నాకే కనిపించబట్టింది మేడం. ఆ మలుపూ, నా చెయ్యి తాళం మీదికి పొయ్యేదీ. తిప్పినానేమో అనుకున్నా. జైల్లో ఆఖరి నెలల్లో ఎవురన్నా అడిగుంటే తిప్పినాననే సెప్పుందును."

"నువ్వు తిప్పలేదు బొమ్మయ్యా."

"మీరు సెప్తా ఉండారు. జడ్జీ గూడా సెప్పినారు." తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. "వండిలో కూకుంటే మాత్రం ఈ చెయ్యి తాళం మీదికే పోతానే ఉండాది."

పిలుపు వచ్చింది. అతను వంగి మూట ఎత్తుకుని, నన్ను దారి వదలమన్నట్టు ఒక్క క్షణం ఆగాడు. పక్కకు జరిగాను.